చవగ్గా వచ్చినవాడు

మా ఊరి బేస్‌బాల్ జట్టు పేరు స్టోకర్స్. ఒకప్పుడు సరస్సు మీద తిరిగిన ఓడల్లో కొలిమికి బొగ్గు ఎత్తిపోసిన కూలీల పేరు అది. ఆ ఓడలు పోయాయి, బొగ్గూ పోయింది. ఆ పని చేసినవాడు మా పోర్ట్ హార్లన్‌లో ఇప్పుడు ఒక్కడూ బతికి లేడు. జట్టు మాత్రం మిగిలింది. ఏప్రిల్లో ఆశ పెడుతుంది, జూలైలో నీరసపడుతుంది, సెప్టెంబరు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

మాకు అసలు ఆట ఆ తర్వాతే మొదలవుతుంది. మైదానాన్ని మంచు కప్పేశాక ఏ జట్టు ఎవరిని కొంటోంది, ఎవరిని వదులుకుంటోంది, మనవాళ్లు ఈసారైనా జేబులో చెయ్యి పెడతారా అన్న మాటలే ఊరంతా. మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, శుక్రవారం చేపల వేపుడు పెట్టే హాల్లో ఎక్కడ చూసినా అదే. "ఆడేటప్పుడైతే ఎవడైనా మనల్ని ఓడిస్తాడు. చలికాలంలో మనల్ని ఓడించేవాడు లేడు" అంటుంటాడు మా నాన్న.

మా నాన్న ఎమిల్ కోస్టెల్ రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. నా పేరు రోజాన్, ఆయనకు రోజీని. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతాను. ఊళ్లో సగం మంది నన్ను తిట్టినవాళ్లే. వాళ్లలో చాలామంది కాసేపు తిట్టాక, "సరేగానీ, ఈసారి మూడో బేస్‌కి ఎవర్ని తెస్తారంటావ్?" అని అడిగినవాళ్లే.

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎడమకన్ను వాచి మూసుకుపోయి, చేతిలో ఒక సంచీతో నాన్న ఇంటి పెరటి తలుపు తట్టాను. ఆయన టీవీలో ఆట చూస్తున్నాడు. తలుపు తీసి నా మొహం చూశాడు. వెనక్కి వెళ్లి టీవీ కట్టేశాడు. ఆట చివరికి వచ్చింది, మేం గెలుస్తున్నాం, అయినా కట్టేశాడు. ఏం జరిగిందని అడగలేదు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. మర్నాడు తాళాలన్నీ మార్పించాడు. నా మొగుడు క్రెగ్ ఫోన్ చేస్తే, "మా గుమ్మం తొక్కావంటే క్రేన్ కొక్కేనికి తగిలించి సరస్సులో ముంచుతా" అని పెట్టేశాడు.

పోలీసు కేసు పెట్టాను. విచారణ రోజు కోర్టు వరండాలో క్రెగ్ వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. లోపలికెళ్లి సాక్ష్యం చెప్పలేకపోయాను. కేసు కొట్టేశారు.

ఆ తర్వాత నాన్నా నేనూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బేస్‌బాల్ మాట్లాడుకున్నాం. నాకు అప్పుడు అంతకన్నా మంచి మందు లేదు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో రేడియో మోగుతుండేది. నాన్న బంగాళాదుంపలు చెక్కు తీస్తూ దానితో దెబ్బలాడుతుండేవాడు. నేను కోటు విప్పకముందే, "విన్నావా, మళ్లీ ఒక కుంటిగుర్రాన్ని పట్టుకొస్తున్నారట" అనేవాడు. అక్కడి నుంచి అన్నం తినేదాకా మాకు వేరే లోకం లేదు.

కుంటిగుర్రాలన్నది ఆయన పెట్టిన పేరే. జట్టు యజమానులు థార్న్ కుటుంబానికి నగరం నిండా కార్లు నిలిపే స్థలాలున్నాయి. మనం బండి ఆపితే డబ్బు, తీస్తే డబ్బు. ఆ డబ్బు మాత్రం జట్టు దాకా రాదు. ఒక చలికాలం మోకాళ్లు అరిగిపోయినవాణ్ని తెచ్చారు. విలేకరుల ముందు వేదిక ఎక్కడానికే అతను కమ్మీ పట్టుకున్నాడు. ఇంకో చలికాలం బంతి విసిరే భుజానికే రెండు ఆపరేషన్లయిన పిచర్ని తెచ్చి, "ఆరోగ్యంగా ఉంటే ఇతనంతటివాడు లేడు" అన్నారు.

"ఆరోగ్యంగా ఉంటే మీ అమ్మ కూడా బతికే ఉండేది" అన్నాడు నాన్న నాతో, రేడియో వైపు వేలు చూపిస్తూ.

నేను తిరిగొచ్చిన మూడో ఏడు చివరి ఆట ఓడిపోయి, కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాం. లోపం ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మూడో బేస్‌లో నిలబడి, అవసరానికి బంతిని గోడ దాటించే మనిషి లేడు. ఆ శీతాకాలం అలాంటివాడు ఒకడు పాత జట్టుతో ఒప్పందం ముగిసి బజార్లోకి వచ్చాడు. పేరు డాల్టన్ రీవ్.

అతను కావాలని మా ఇంట్లో ముందు అన్నది నేనే.

"ఎడమచేతి వాటం బ్యాటింగ్ నాన్నా. మన మైదానంలో కుడివైపు గోడ దగ్గర. సరస్సు గాలి కూడా అటే తోస్తుంది. వాడు ఊరికే ముట్టుకున్నా బంతి అవతల పడుతుంది."

"నాకు తెలీదా? కానీ వాడడిగే డబ్బుకి థార్న్ గుండె ఆగిపోతుంది."

"ఆగనీ. కొడుకులైనా కొంటారేమో."

నాన్న పడీ పడీ నవ్వాడు. ఆ సాయంత్రమే రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి, "నేను ఎమిల్‌ని, హార్బర్ వీధి నుంచి" అని మొదలుపెట్టి, నేను చెప్పిందంతా తన మాటగా చెప్పేశాడు. నేను పక్కన నిలబడి, మరిచిపోయిన చోటల్లా అందించాను.

వారం తిరక్కుండా ప్రెస్కట్ విలేకరులతో మాట్లాడాడు. ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే పెద్దమనిషి అతను. సన్నగా ఉంటాడు, ఖరీదైన స్వెట్టర్లు వేసుకుంటాడు. "రీవ్ అంటే మాకెంతో గౌరవం. కానీ అతను మా అందుబాటులో లేడు" అన్నాడు. అంతే, మూడు వాక్యాలు కూడా లేవు. నాన్న రేడియో కట్టేసి, బీరు తెరిచి, "ఇంకో ఏడు బతకాలన్నమాట" అన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నవ్వుకోండి కావాలంటే.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం మేమిద్దరం వాల్‌నట్ రొట్టె చేస్తున్నాం. పిండి బల్లంతా పరిచి, గింజల పొడి చల్లి, చాపలా చుట్టాలి. ఒక్కరి వల్ల కాదు. నాన్న ఒక కొస, నేనో కొస పట్టుకుని ఉండగా రేడియోలో చెప్పారు. డాల్టన్ రీవ్‌ను ముందురోజు అరెస్టు చేశారు. అతని భార్య ఆసుపత్రిలో ఉంది. చెంప ఎముక విరిగింది.

పేరు చెప్పలేదు. 'భార్య' అన్నారంతే. పేరు నేను తర్వాత వెతుక్కున్నాను. మెరిడిత్.

"అయ్యయ్యో, ఎంత పని చేసుకున్నాడు వెధవ!" అన్నాడు నాన్న. "బంగారం లాంటి చెయ్యి."

"ఏ చెయ్యి నాన్నా?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. చూపు పిండి మీదికి దించుకున్నాడు. ఇద్దరం రొట్టె చుట్టడం పూర్తిచేశాం. పొయ్యిలో అది పగిలిపోయి గింజలన్నీ బయటికొచ్చాయి.

తర్వాతిదంతా నేను చూడకుండానే చెప్పగలిగేదాన్ని. పండగ వెళ్లాక మెరిడిత్ తాను జారిపడ్డానంది. సాక్ష్యం చెప్పనంది. కేసు కొట్టేశారు. లీగ్ వాళ్లు కొత్త సీజన్లో మొదటి నెల అతను ఆడకూడదని శిక్ష వేశారు. అతని కోసం పోటీపడ్డ పెద్ద జట్లు, టీవీల వాళ్లకూ ప్రకటనలిచ్చే వాళ్లకూ భయపడి ఒక్కొక్కటే తప్పుకున్నాయి. రేడియోలో మాటల తీరు మారింది. "పాపం, ఎవరూ తీసుకునేలా లేరు" అని ఒకడు. "చవగ్గా దొరుకుతాడు, చూడండి" అని ఇంకొకడు. నేను రేడియో కట్టేస్తే నాన్న ఏమీ అనేవాడు కాదు. నేను పైకి వెళ్లాక మళ్లీ సన్నగా పెట్టుకునేవాడు. మెట్ల మీదికి వినిపించేది.

జనవరి నడిమధ్యలో ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి లుడ్ బాబాయ్ బండి మా ముంగిట్లో ఉంది. లుడ్ బాబాయ్ రేవులో నాన్నతో పనిచేసినవాడు, స్టేడియంలో నలభై ఏళ్లుగా ఆయన పక్క కుర్చీవాడు. ఇద్దరూ వంటింట్లో నిలబడి ఉన్నారు. బల్ల మీద బీరు సీసాలు. నాన్న మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

"రోజీ! సంతకం పెట్టేశాడే! మనకే!" అని ఎదురొచ్చి నా భుజాలు పట్టుకుని ఊపాడు. "మూడో వంతు ధరకి! మూడో వంతుకే! థార్న్ ముసలాడు మొదటిసారి తెలివైన పని చేశాడు!"

అప్పుడు నా మొహం చూశాడు. చేతులు వదిలేశాడు.

లుడ్ బాబాయ్ టోపీ తీసి, "నే వెళ్తా ఎమిల్, ఇంటి దగ్గర చూస్తుంటారు" అని గొణిగాడు.

"ఉండు బాబాయ్. నువ్వెందుకు వెళ్లడం?" అన్నాను. ఆయన వెళ్లనే వెళ్లాడు.

నాన్న సీసాలు తీసి సింకు పక్కన పెట్టసాగాడు. "కేసు కొట్టేశారుగా" అన్నాడు నా వైపు చూడకుండా.

"నా కేసూ కొట్టేశారు నాన్నా."

"అది వేరు."

"ఏం వేరు?"

"క్రెగ్‌గాణ్ని నేనెరుగుదును. వాడు తాగుబోతు. వాడి కళ్లు చూస్తేనే తెలిసేది."

"ఇతన్ని నువ్వెరగవు. ఎరగవు కాబట్టి మంచివాడా?"

"నేను మంచివాడన్నానా? మూడో బేస్ ఆడతాడన్నాను." గొంతు పెరిగింది. "వాణ్ని మనింటికి భోజనానికి పిలవట్లేదు కదే. మన కోసం బంతి కొట్టమంటున్నాం. ఏం, వాడు ఆట మానేస్తే ఆ పిల్ల చెంప అతుక్కుంటుందా?"

"అతుక్కోదు."

"మరి?"

నేను కోటు విప్పి కుర్చీకి తగిలించాను. అంతకు మించి అనే హక్కు ఆ పూట నాకు లేదనిపించింది. ఎందుకంటే ఆయన చేతులు నా భుజాల మీద ఉన్న ఆ రెండు క్షణాలూ, ధర మాట వినేదాకా, నాక్కూడా లోపల ఏదో ఎగిరిపడింది. అతను గాలివాటంగా కొట్టిన బంతి కుడిగోడ దాటడం కళ్లముందు కనబడింది. ఆ సంగతి నాన్నకు తెలీదు. తెలిసుంటే ఆ పోట్లాటలో గెలిచేవాడు.

జనవరి చివర్లో ఏటా అభిమానుల సభ పెడతారు. నగరం మధ్యనున్న పెద్ద హాల్లో ఆటగాళ్లు వచ్చి సంతకాలు చేస్తారు, పిల్లలకు టోపీలు పంచుతారు, చివర్లో ప్రెస్కట్ వేదికెక్కి జనం ప్రశ్నలకు జవాబులు చెబుతాడు. మేం ఏటా వెళ్తాం. ఆ ఏడు నేను వస్తానంటే నాన్న సంబరపడ్డాడు. గొడవ సద్దుమణిగిందనుకున్నాడు. దారిలో నాకు వేడి సాసేజీ కొనిపెట్టాడు, నాకిష్టమని ఆవాల ముద్ద ఎక్కువ వేయించి.

హాల్లో కాలు పెట్టే చోటు లేదు. అన్నేళ్లలో అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. రీవ్ పేరున్న చొక్కాలు అప్పుడే కుట్టించేశారు. ఆడవాళ్లు, పిల్లలు, అందరూ వేసుకుని తిరుగుతున్నారు. అతను మాత్రం రాలేదు. "కుటుంబంతో గడుపుతున్నాడు" అని ప్రకటించారు. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

ప్రశ్నల సమయానికి నడవాలో మైకు పెట్టారు. నేను లేచాను.

"ఎక్కడికే?" అన్నాడు నాన్న.

"ఒకటి అడగాలి."

"వద్దు రోజీ. ఇక్కడొద్దు."

వెళ్లి వరసలో నిలబడ్డాను. నా ముందున్న కుర్రాడు కొత్త టోపీల రంగు గురించి అడిగాడు. అతని ముందావిడ పార్కింగ్ రేటు గురించి అడిగితే అందరూ నవ్వారు, ప్రెస్కట్ కూడా నవ్వాడు. నా వంతు వచ్చింది. రోజంతా ఫోన్లలో మాట్లాడేదాన్ని కాబట్టి గొంతు వణకలేదు.

"అయ్యా, నవంబరులో మీరు డాల్టన్ రీవ్ మన అందుబాటులో లేడన్నారు. జనవరికి అందుబాటులోకి వచ్చాడు. ఈ మధ్యలో అతని విషయంలో ఏం మారిందో చెబుతారా?"

ప్రెస్కట్ స్వెట్టర్ చేతులు సర్దుకున్నాడు.

"మంచి ప్రశ్న. చూడండమ్మా, మనిషన్నాక పొరపాట్లు జరుగుతాయి. ఈ సంస్థ రెండో అవకాశాన్ని నమ్ముతుంది."

"నమ్మండి. మరి ఆ రెండో అవకాశం పూర్తి ధరకే ఇవ్వొచ్చుగా? అతని భార్య చెంప విరక్కపోతే అతను మీకు దొరికేవాడు కాదు. నేనన్నది తప్పయితే తప్పని చెప్పండి, వెళ్లి కూర్చుంటాను."

వెనకనుంచి ఎవరో "ఏయ్, కూచో!" అని అరిచారు. అదే కావాల్సినట్టు హాలంతా అందుకుంది. ఊళలు, ఈలలు. "కేసు లేదుగా, నీకెందుకు నొప్పి?" అని ఒకడు. "ఇంటికి పోయి గిన్నెలు తోముకో!" అని ఇంకొకడు. ఆ గొంతు నేను ఫోన్లో విన్నట్టే ఉంది. ఒక ఆడమనిషి, నా వయసుదే, రీవ్ చొక్కా వేసుకుంది, "మా పండగ పాడుచెయ్యకమ్మా" అంది నెమ్మదిగా, దాదాపు బతిమాలుతున్నట్టు. మైకు ఆగిపోయింది. ప్రెస్కట్ ఏదో అన్నాడు, చప్పట్లు మోగాయి.

నడవాలో వెనక్కి నడిచాను. మా వరస దగ్గరికి వచ్చేసరికి నాన్న ముందు కుర్చీలో ఉన్న మనిషి వెనక్కి తిరిగి ఆయన్ని అడుగుతున్నాడు.

"ఎవరండీ ఆవిడ? పిచ్చిదా ఏంటి?"

"మా అమ్మాయండీ" అన్నాడు నాన్న. "పాపం, కొన్నాళ్లుగా దానికి మనసు బాలేదు. ఏమీ అనుకోకండి."

నన్ను చూసి ఆయన సిగ్గుపడలేదు. పక్కకు జరిగి, కుర్చీ దులిపి చోటిచ్చాడు. నన్ను కాపాడానని ఆయన నమ్మకం. అది నిజంగా నమ్మకం, నటన కాదు. అవతల లుడ్ బాబాయ్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

తిరుగుప్రయాణంలో మంచు పడుతోంది. వంతెన దిగాక నేనే అడిగాను.

"అలా ఎందుకన్నావ్ నాన్నా?"

"మరేమనను? వాళ్లంతా నీమీద పడిపోతుంటే!"

"నిజమే అడిగిందని అనొచ్చుగా."

ఆయన ఎర్రదీపం దగ్గర బండి ఆపి, దీపం పచ్చబడ్డా కదలకుండా కూర్చున్నాడు. వెనకవాడు హారన్ కొట్టాడు.

"నాకు డెబ్బై నాలుగు రోజీ" అన్నాడు. "మీ అమ్మ చూడకుండానే పోయింది. మా నాన్న చూడకుండానే పోయాడు. ఒక్కసారి మనవాళ్లు గెలవడం చూసి పోదామనుకుంటే అది తప్పా?"

"తప్పు కాదు" అన్నాను. "తప్పయితే బాగుండేది."

ఫిబ్రవరిలో నేను విడిగా వెళ్లిపోయాను. ఆఫీసుకు నడిచి వెళ్లే దూరంలో, బేకరీ పైన ఒక గది. నాన్న పెట్టెలు మోయడానికి సాయం చేశాడు. "ఒక ఆటగాడి కోసమా ఇదంతా?" అని మెట్లమీద రెండుసార్లు అడిగాడు. ఆటగాడి కోసం కాదని చెప్పాను. మరి దేనికో చెబితే వినేలా లేడు. వినేలా చెప్పడం నాకూ చేతకాలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం తాళం బాగా పడుతోందో లేదో నాలుగైదుసార్లు తిప్పి చూశాడు.

సీజన్ మొదలైంది. రీవ్ శిక్ష ముగించుకుని మే నెలలో వచ్చిన రోజు, స్టేడియంలో జనం అతను బ్యాటు పట్టక ముందే లేచి నిలబడ్డారట. రెండో బంతికే కుడిగోడ దాటించాడు. ఈ సంగతి నేను చూడలేదు, కిటికీలోంచి విన్నాను. వీధిలో కార్లన్నీ ఒకేసారి హారన్లు మోగించాయి. కింద బేకరీవాడు బయటికొచ్చి పళ్లెం మీద గరిటెతో వాయించాడు.

జూన్‌లో లాండ్రీ షాపులో బట్టలు ఆరుతుండగా గోడమీది టీవీలో ఆట వస్తోంది. కెమెరా ఆటగాళ్ల కుటుంబాలు కూర్చునే వరస మీదికి వెళ్లింది. మెరిడిత్ ఉంది. స్టోకర్స్ జాకెట్ వేసుకుని, ఒళ్లో పిల్లవాణ్ని పెట్టుకుని ఉంది. "కుటుంబమంతా మళ్లీ ఒక్కటిగా, చూడముచ్చటగా ఉంది కదండీ" అన్నాడు వ్యాఖ్యాత. ఆమె నవ్వింది. నవ్వినప్పుడు ఒక చెంప కొంచెం ఆలస్యంగా కదిలింది. నాకలా అనిపించిందేమో కూడా. లాండ్రీలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను తడి తడిగానే బట్టలు సంచీలో కుక్కుకుని వచ్చేశాను.

నాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఆట గురించి ఎత్తకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకున్నట్టుంది. అది తీసేస్తే మా మధ్య ఏమీ మిగల్లేదని అప్పుడు తెలిసింది. "తిన్నావా?" "తిన్నాను." "అక్కడ వానా?" "ఇక్కడా నీ ఊరే నాన్నా, వానే." కాసేపు ఊపిరి వినిపించేది. ఆయన వెనక టీవీలో జనం అరుపులు వినిపించేవి. వెంటనే గొంతు తగ్గించేసేవాడు, టీవీది.

ఆయన దాస్తున్నదంతా నాకు తెలుసు. ఎవరు ఎన్ని కొట్టారు, ఎవరి మోచెయ్యి నొప్పెడుతోంది, పట్టికలో మేం ఎక్కడున్నాం, అన్నీ తెలుసు. చదవకూడదనుకుంటూనే ఆఫీసులో అందరికన్నా ముందు చదివేదాన్ని. గెలిచిన రోజు ఒళ్లు తేలికయ్యేది. ఆ తేలికదనం మీద అసహ్యం వేసేది. ఓడిన రోజు సంతోషిద్దామని చూస్తే అదీ వచ్చేది కాదు. ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన ఏడాది వచ్చింది. దాన్ని నా చేతిలోంచి ఎవరో లాక్కున్నారు. లాక్కున్నవాణ్ని కావాలని ముందు అడిగింది నేనే.

సెప్టెంబరు చివర్లో మేం ప్లేఆఫ్స్‌లోకి వెళ్లాం. ఆ ఆదివారం నాన్న ఒట్టు తెగింది.

"రెండు టికెట్లున్నాయే. నాకూ నీకూ. లుడ్‌కి వద్దని చెప్పేశాను."

"బాబాయ్‌ని తీసుకెళ్లు నాన్నా."

"ఒక్క ఆటకి. ఒక్కటంటే ఒక్కటి. వాడు బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు కళ్లు మూసుకో కావాలంటే."

"మూసుకుంటే వినబడదా?"

"సరేలే, లుడ్‌తోనే వెళ్తా" అన్నాడు చివరికి.

ప్లేఆఫ్స్ గుమ్మంలో అడుగుపెట్టగానే, మొదటి జట్టు చేతిలోనే ఓడిపోయాం. వరసగా ఓడి ఇంటికొచ్చాం. ఆఖరి ఆటలో రీవ్ రెండుసార్లు గోడ దాటించాడు. అయినా చాలలేదు. పిచర్లకు భుజాలు లేవు. మంచి పిచర్ని కొనడానికి థార్న్ డబ్బు తియ్యలేదు.

మళ్లీ నవంబరు వచ్చింది. రీవ్ ఒప్పందం ఒక్క ఏడాదిదే. ఏడాదంతా ఇంత బాగా ఆడి, గొడవలేవీ లేకుండా గడిపాడు కాబట్టి పెద్ద జట్లకు మళ్లీ అతను మంచివాడైపోయాడు. సముద్రతీరపు జట్టొకటి, మా వాళ్లు కలలో కూడా అనుకోని మొత్తం ఇచ్చి తీసుకెళ్లింది. ప్రెస్కట్ విలేకరుల ముందుకొచ్చి, "రీవ్ అంటే మాకెంతో గౌరవం. కానీ అతను మా అందుబాటులో లేడు" అన్నాడు. మాటలు కూడా మార్చుకోలేదు.

ఆ రోజు బుధవారం. నేను ఆఫీసు నుంచి వచ్చి కోటు విప్పుతుండగా ఫోన్ మోగింది.

"విన్నావా?" అన్నాడు నాన్న. "పోయాడే! డబ్బు చూపించగానే పోయాడు దొంగవెధవ! ఈ ఊరు వాడికేం తక్కువ చేసింది? ఎవడూ గుమ్మం ఎక్కనివ్వనప్పుడు మనం తలుపు తీశాం. లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. విశ్వాసం అనేది ఉండక్కర్లా? సిగ్గులేని జన్మ! అలాంటివాడని నేను ముందే అనుకున్నా."

"ఎలాంటివాడని?"

"విశ్వాసం లేనివాడని."

నేను మంచం మీద కూర్చున్నాను. ఒక చెయ్యి ఇంకా కోటులోనే ఉంది. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు. నా కన్ను వాచిన రోజున కూడా ఆయన నోట ఇన్ని తిట్లు రాలేదు. అంత కోపం ఆయనలో ఉందని నాకు తెలీదు. ఉందని తెలిసినందుకు సంతోషించాలో ఏమిటో అర్థం కాలేదు.

తిట్లు అయిపోయాక ఊపిరి తీసుకున్నాడు. గొంతు మెత్తబడింది.

"పోన్లే, పీడ వదిలింది. ఇంక వాడు లేడుగా రోజీ. శనివారం వచ్చెయ్. పంది పక్కటెముకలు తెచ్చాను, క్యాబేజీ వేసి వండుదాం. రేడియో పెట్టుకుందాం." ఆగాడు. "ఇంతకీ ఈసారి మూడో బేస్‌కి ఎవరుంటే బాగుంటుందంటావ్?"

నా మనసులో ఒక పేరుంది. కొండప్రాంతపు జట్టొకటి వదిలేసిన కుర్రాడు, ఇరవయ్యారేళ్లు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వేసవి అంతా అతన్ని గమనిస్తూనే ఉన్నాను. బ్యాటు ఆలస్యంగా తిప్పుతాడు, కానీ చెయ్యి కుదురు. వీళ్లకు అందే ధరలోనే ఉంటాడు. అతను ఎలాంటి మనిషో నాకు తెలీదు.

"తెలీదు నాన్నా" అన్నాను. "ఆట చూడ్డం మానేశాగా."

"అవునవును" అన్నాడాయన. "అక్కడ మంచు మొదలైందా?" అని అడిగాడు.

మొదలైందని చెప్పాను.